కొత్త గుర్రానికి ముందుకాళ్ల మీద మలుపు నేర్పడం

చిత్తూరు వైపు వేసవిలో అయితే ఎండ ఎక్కకముందే, రాళ్లు ఏరేసిన చదునైన నేల మీద ఈ పాఠం, అంటే ముందుకాళ్లు ఉన్నచోటే ఉండగా వెనుక భాగం వాటి చుట్టూ తిరగడం, మొదలుపెట్టాలి. గుర్రాన్ని నాలుగు కాళ్ల మీదా సమంగా నిలిపి, కుడి పగ్గంతో దాని కుడి కంటి అంచు మాత్రమే కనిపించేంతగా తలను తిప్పి, మీ కుడి కాలితో జీను బిగించే పట్టీకి కాస్త వెనుకగా నొక్కితే, అది వెనుక భాగాన్ని ఎడమకు జరుపుతుంది. అప్పుడు కుడి వెనుక కాలు ఎడమ దానికి ముందుగా దాటి పడాలి. ఒక్క అడుగు వేయగానే ఒత్తిడి వదిలి మెడ నిమరాలి. చాలామంది ఇక్కడే తొందరపడి వరుసగా నొక్కుతూ పోతారు. గుర్రం ముందుకు నడవబోతే ఎడమ పగ్గంతో మెల్లగా ఆపాలే గాని, రెండూ లాగితే వెనక్కి నడవడం మొదలుపెడుతుంది, అది మరీ మొండి అలవాటు. ముందు గిట్టలు నేలకు అతుక్కుపోకుండా ఉన్నచోటే లేచి పడుతుండాలి. రెండు మూడు అడుగులయ్యాక గుర్రాన్ని నేరుగా ముందుకు నడిపించి, రెండో వైపు నేర్పాలి.