ఐకేపీ కేంద్రంలో ఒక ప్రాజెక్టు చేసి ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ నేర్చుకోవడం ఎలా?

పని నేర్పే శిక్షణను రూపొందించడమే ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్. ఆన్‌లైన్ కోర్సుతో దాని పరిచయం అవుతుంది, చేయి తిరగాలంటే మాత్రం నిజమైన క్లయింట్ కావాలి. హైదరాబాద్ కంపెనీలే అక్కర్లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లు, నారాయణపేట చీరల దుకాణం, మీ ఊళ్లో మహిళా సంఘాలు నడిపే ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రం, ఏదైనా చాలు. నేనైతే ఐకేపీ కేంద్రమే అంటాను. అక్కడ తప్పు జరిగితే కొద్దిరోజుల్లోనే గొడవై బయటపడుతుంది.

ముందు సమస్యేంటో చూడండి. "మా సంఘం వాళ్లకు తేమ మిషన్ మీద ట్రైనింగ్ ఇయ్యండి సార్" అంటారు. సరేనని స్లైడ్లు మొదలుపెట్టకండి, ఒక పూట కాంటా దగ్గర నిలబడండి. తేమ 17 శాతం దాటొద్దని అక్కడ అందరికీ తెలుసు. కానీ రాశి పైనుంచే గుప్పెడు తీస్తే ఎండినట్టు చూపిస్తుంది, లోపలివి పచ్చిగానే ఉంటాయి. ఆ వడ్లు మిల్లుకు పోయాక తరుగు (తూకంలో కోత) పంచాయితీ మొదలు. ఇది నేర్పితే పోయే లోపం. మిషనే పాడైతే, లేదా టార్పాలిన్లు లేక వడ్లు తడిస్తే, ఎంత ట్రైనింగ్ ఇచ్చినా లాభం లేదు. తేడా తెలియకపోతే ఒక పాత ప్రశ్న ఉంది: ప్రాణం మీదికొస్తే ఈమె ఈ పని చేయగలదా? చేయగలిగితే లోటు శిక్షణలో లేదు. ఈ మాట క్లయింట్‌కు మొహం మీద చెప్పడమే కన్సల్టింగ్‌లో కష్టమైన భాగం. కోర్సుల్లో దీన్నే తక్కువ నేర్పుతారు.

డబ్బు తీసుకోకపోయినా ఒప్పందం కాగితం మీద పెట్టండి. ఏమిస్తారు, ఎప్పటికి, ఎవరు ఓకే చెప్పాలి. లేదంటే సంఘాలను చూసుకునే సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటర్) ఒక మార్పు, పైనున్న ఏపీఎం (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్) ఇంకో మార్పు చెబుతూనే ఉంటారు.

లక్ష్యం కంటికి కనిపించేలా రాయండి. "తేమపై అవగాహన" అంటే ఏం కొలుస్తారు? "రాశిలో అయిదు చోట్ల, లోపలి నుంచి కూడా వడ్లు తీసి, కలిపి, రైతు ముందే మిషన్‌లో చూసి రిజిస్టర్‌లో రాయాలి" అంటే పరీక్ష అందులోనే ఉంది. లక్ష్యం రాశాకే పాఠం తయారు చేయండి. బొమ్మలతో ఒక పేజీ, ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో సరిపోతాయి.

విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అనే వరుస 1975లో అమెరికా సైన్యం కోసం ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో చేసిన పని నుంచి వచ్చింది. వరుస అలా ఉన్నా, ట్రయల్ చూశాక మళ్లీ వెనక్కి పోక తప్పదు. యాసంగి వడ్లు ఏప్రిల్‌లో ముంచెత్తుతాయి కాబట్టి మార్చిలోనే ఇద్దరు మహిళలతో ట్రయల్ వేయండి. వాళ్లు తడబడినా నోరు విప్పకండి. ఎక్కడ ఆగారో రాసుకోండి.

ఫలితం కొలవడానికి 1959లో అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ చెప్పిన నాలుగు మెట్లు ఇప్పటికీ వాడతారు: నచ్చిందా, వచ్చిందా, పనిలో మారిందా, ఫలితం కనిపించిందా. మొదటి దానికి అందరూ "మంచిగుంది సార్" అనే అంటారు, దాన్ని పట్టించుకోకండి. కొనుగోళ్లు జోరుగా ఉన్నప్పుడు చెప్పకుండా వెళ్లి, వడ్లు ఎక్కడి నుంచి తీస్తున్నారో చూడండి. తరుగు ఫిర్యాదులు తగ్గినా ఆ ఘనతంతా మీ ఖాతాలో వేసుకోవద్దు, వాన పడకపోవడమూ కారణం కావచ్చు.

చివరగా సమస్య, మీ నిర్ణయాలు, ఆ ఒక్క పేజీ, చూసిన మార్పు కలిపి పోర్ట్‌ఫోలియోలో పెట్టండి. సంఘం అనుమతి తీసుకుని, రైతుల పేర్లు తీసేయండి. తర్వాతి క్లయింట్‌ను ఫీజు అడగడానికి చూపించాల్సింది ఇదే.