హెచ్‌ఎన్‌డీ నుంచి విమాన ఇంజినీరింగ్ డిగ్రీకి: బ్రిటన్‌లో టాప్-అప్ చేయదలచినవారికి

బ్రిటన్‌లో విమాన నిర్వహణలో హెచ్‌ఎన్‌డీ (హయ్యర్ నేషనల్ డిప్లొమా) వంటి వృత్తివిద్య పూర్తిచేసి, ఇప్పుడు చివరి సంవత్సరపు టాప్-అప్‌తో దానిని ఆనర్స్ డిగ్రీ స్థాయికి తీసుకువెళ్లాలనుకునేవారు కోర్సుల కోసం వెతకడానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఆ డిగ్రీ తమకు దేనికి? మరమ్మతు పూర్తయిన విమానం తిరిగి సర్వీసులోకి వెళ్లవచ్చునని సంతకం చేసే అధికారం డిగ్రీ వల్ల రాదు. అది విమాన నిర్వహణ ఇంజినీర్లకు ఇచ్చే పార్ట్-66 లైసెన్సు వల్ల వస్తుంది, ఆ లైసెన్సును పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన సివిల్ ఏవియేషన్ అథారిటీ ఇస్తుంది. అదే విధంగా, చేతిలో బి1 (విమాన యంత్రభాగాలకు చెందిన పార్ట్-66 రకం) లైసెన్సు ఉన్నంత మాత్రాన రెక్క లోపలి దూలం ఎంత బరువు మోయగలదో లెక్కగట్టే డిజైన్ విభాగంలో చోటు దొరకదు. అక్కడ అడిగేది డిగ్రీనే. ఈ రెండింటినీ ఒకే నిచ్చెనలో మెట్లుగా భావించి, లైసెన్సు కోసం డిగ్రీలో చేరి నిరాశపడేవారు ఉన్నారు. ఇవి పక్కపక్కన ఉన్న రెండు వేరు నిచ్చెనలు.

వాటి మధ్య వంతెన ఒకచోట మాత్రం కనిపిస్తుంది. పెద్ద విమానాల భారీ తనిఖీ ముగిశాక మొత్తం విమానానికి సంతకం చేసే సి కేటగిరీ లైసెన్సుకు రెండు దారులు ఉన్నాయి. మొదటిది, పెద్ద విమానాలపై బి1.1 (టర్బైన్ ఇంజిన్ విమానాలు) లేదా బి2 (విమాన ఎలక్ట్రానిక్స్) అధికారంతో 3 సంవత్సరాలు పనిచేయడం. రెండవది, గుర్తింపు ఉన్న సాంకేతిక డిగ్రీ పొంది, పౌర విమాన నిర్వహణ వాతావరణంలో 3 సంవత్సరాలు పనిచేయడం. అందులో కనీసం 6 నెలలు హ్యాంగర్‌లో జరిగే బేస్ మెయింటెనెన్స్ పనులను దగ్గరుండి పరిశీలించాలి. కాబట్టి ఇప్పటికే బి1 చేతిలో ఉండి సి కేటగిరీ మాత్రమే లక్ష్యమైతే డిగ్రీ అవసరం లేదు, ఆ డబ్బూ కాలమూ మిగుల్చుకోవచ్చు. సాంకేతిక సేవల విభాగం, ఎగరయోగ్యత నిర్వహణ, డిజైన్, యాజమాన్య పదవులు, ఆపైన మాస్టర్స్ వంటివి మనసులో ఉన్నవారికే టాప్-అప్ సార్థకమవుతుంది.

అటువంటి ఉద్దేశం ఉన్నవారు ముందుగా క్రెడిట్ల లెక్క చూసుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఆనర్స్ డిగ్రీ అంటే మొత్తం 360 క్రెడిట్లు. 4, 5, 6 స్థాయిలలో (అంటే డిగ్రీ మొదటి, రెండవ, మూడవ సంవత్సరాలలో) ఒక్కొక్క దానికి 120. హెచ్‌ఎన్‌సీ (హయ్యర్ నేషనల్ సర్టిఫికెట్) 4వ స్థాయిలో 120 క్రెడిట్లు ఇస్తుంది. హెచ్‌ఎన్‌డీ గాని, ఫౌండేషన్ డిగ్రీ గాని 4, 5 స్థాయిలు కలిపి 240 ఇస్తాయి. మిగిలిన 120 క్రెడిట్ల 6వ స్థాయినే టాప్-అప్ అంటారు. హెచ్‌ఎన్‌సీ మాత్రమే ఉన్నవారు ఏకంగా చివరి సంవత్సరంలో చేరలేరు, వారికి రెండవ సంవత్సరంలో ప్రవేశం అడగడం సబబు. 3వ స్థాయి బీటీఈసీ (BTEC; మన బీటెక్ డిగ్రీ కాదు) డిప్లొమా లేదా ఎన్‌వీక్యూ (జాతీయ వృత్తి అర్హత) ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: అది పాఠశాల చదువు చివర రాసే ఏ-లెవెల్‌తో సమానమైన అర్హత, డిగ్రీ మొదటి సంవత్సరానికి ద్వారం మాత్రమే, హ్యాంగర్‌లో ఎన్నేళ్లు పనిచేసినా దానికదే 240 క్రెడిట్లుగా మారదు. స్కాట్లండ్ పద్ధతి వేరు. అక్కడ ఆనర్స్ డిగ్రీకి సాధారణంగా నాలుగేళ్లు, 480 క్రెడిట్లు కావాలి గనుక హెచ్‌ఎన్‌డీతో మూడవ సంవత్సరంలో చేరినా ఆనర్స్‌కు ఇంకా రెండేళ్లు పడుతుంది.

హెచ్‌ఎన్‌డీ లేకుండా, పార్ట్-66 మాడ్యూళ్లు రాసి లైసెన్సు పొందినవారి సంగతి ఇంత సూటిగా ఉండదు. లైసెన్సుకు క్రెడిట్లు ముద్రించి ఉండవు. పూర్వ అభ్యసన గుర్తింపు అనే ప్రక్రియ ద్వారా విశ్వవిద్యాలయమే దానిని తూకం వేస్తుంది, ఆ తూకం ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉంటుంది. లైసెన్సు ప్రతి జతచేసి ఊరుకున్న దరఖాస్తుకు వచ్చే ఫలితం అంతంతమాత్రమే. చేయవలసినది ఏమిటంటే, చేరదలచిన కోర్సు సమగ్ర వివరణ పత్రాన్ని తెప్పించుకుని, దానిలో 4, 5 స్థాయిలలోని ప్రతి పాఠ్యాంశం ఆశించే ఫలితాలను ఒక పట్టికలో ఎడమ వైపు రాసి, వాటికి ఎదురుగా తన దగ్గరున్న ఆధారాన్ని చూపాలి. వాయుగతిశాస్త్ర ప్రాథమికాలకు మాడ్యూల్ 8, పదార్థాలకు మాడ్యూల్ 6, గ్యాస్ టర్బైన్ ఇంజిన్లకు మాడ్యూల్ 15, మానవ కారకాలకు మాడ్యూల్ 9 ఫలితపత్రాలు పనికివస్తాయి. లాగ్‌బుక్‌లోని పనులను తేదీల వరుసలో కాక ఏటీఏ అధ్యాయాల (విమాన వ్యవస్థలకు ఇచ్చిన ప్రామాణిక సంఖ్యల) వారీగా అమర్చితే చూసేవారికి సులువు: 27 కింద నియంత్రణ ఫలకాలు, 29 కింద హైడ్రాలిక్స్, 32 కింద ల్యాండింగ్ గేర్, 72 కింద ఇంజిన్. ప్రతి పనికీ పర్యవేక్షకుడి సంతకం ఉండాలి. సంస్థ అనుమతి లేకుండా టాస్క్ కార్డుల (చేయవలసిన పని వివరాల పత్రాల) ఫొటోలు జతచేయకూడదు; అలా చేయడం వృత్తి మర్యాదను తెలియనివారి లక్షణంగానే కనిపిస్తుంది. పట్టికలో ఖాళీగా మిగిలిన గడులను దాచవద్దు. ఆ ఖాళీలను ఏ బ్రిడ్జింగ్ పాఠంతో నింపుకుంటారో మీరే ప్రతిపాదించడం మేలు.

ఆ ఖాళీ దాదాపు ఎప్పుడూ గణితం దగ్గరే ఉంటుంది. పార్ట్-66 మాడ్యూల్ 1లో అంకగణితం, బీజగణితం, సంవర్గమానాలు, వర్గ సమీకరణాలు, త్రికోణమితి, రేఖాచిత్రాలు ఉంటాయి. కలన గణితం ఉండదు. డిగ్రీ చివరి సంవత్సరమో, కంపించే రెక్క కదలికను అవకలన సమీకరణంగా రాయగలరనీ, మాత్రికలతో నిర్మాణ సమస్యలు సాధించగలరనీ, నియంత్రణ వ్యవస్థకు లాప్లాస్ పరివర్తన వాడగలరనీ ముందే అనుకుని మొదలవుతుంది. హెచ్‌ఎన్‌డీ చేసినవారిలో కూడా ఇంజినీరింగ్ గణితం తర్వాతి పై స్థాయి గణిత యూనిట్‌ను ఎంచుకోనివారికి ఇదే చిక్కు. అందుకే అనేక విశ్వవిద్యాలయాలు హెచ్‌ఎన్‌డీ మొత్తంపై మెరిట్ గ్రేడుతో తృప్తిపడక, గణిత యూనిట్‌లో ఎంత వచ్చిందని విడిగా అడుగుతాయి. తరగతులు మొదలవడానికి కనీసం 6 నెలల ముందు నుంచి అవకలనం, సమాకలనం, మొదటి, రెండవ తరగతి అవకలన సమీకరణాలు, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు అన్న క్రమంలో రోజుకు గంట చొప్పున సాధన చేయడం నా దృష్టిలో దరఖాస్తు కన్నా ముఖ్యమైన పని. ప్రవేశం దొరికాక చూద్దాంలే అనుకున్నవారికి అక్టోబరు నాటికే ఊపిరాడదు.

పరీక్షల తీరులోని తేడా కూడా మొదట్లో తికమక పెడుతుంది. లైసెన్సు పరీక్షలలో మూడు ఐచ్ఛికాల ప్రశ్నలు, ప్రశ్నకు సగటున 75 సెకన్లు, ఉత్తీర్ణతకు 75 శాతం మార్కులు. డిగ్రీలో ఆనర్స్‌కు 40 శాతం చాలు గదా అని తేలికగా తీసుకోకూడదు, ఎందుకంటే అక్కడ సరైన జవాబును గుర్తుపట్టడంతో పని అయిపోదు, ఆ జవాబు ఎలా వచ్చిందో మెట్టు మెట్టుగా నిరూపించాలి. పైగా టాప్-అప్ విద్యార్థుల శ్రేణిని చాలాచోట్ల 6వ స్థాయి మార్కులపైనే నిర్ణయిస్తారు. మూడేళ్ల విద్యార్థికి రెండవ సంవత్సరపు మార్కులు కొంత కాపు కాస్తాయి గాని, మీకు ఆ ఆసరా ఉండదు. మొదటి శ్రేణికి 70, రెండవ శ్రేణి పై తరగతికి 60 శాతం కావాలి, మాస్టర్స్‌కు వెళ్లదలచినవారిని ఎక్కువగా అడిగేది ఆ రెండవ గీతనే.

కోర్సు ఎంపికలో పేర్లను నమ్ముకోవద్దు. ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజినీరింగ్ అన్న పేరుతో ఉన్నవి ఎక్కువగా నిర్వహణ, ఎగరయోగ్యత, వ్యవస్థల వైపు మొగ్గుతాయి. ఏరోస్పేస్ ఇంజినీరింగ్ అన్నవి డిజైన్, విశ్లేషణ వైపు. బీఎస్సీ, బీఈంగ్ (బ్యాచిలర్ ఆఫ్ ఇంజినీరింగ్) అన్న తేడా కన్నా, ఆ కోర్సుకు రాయల్ ఏరోనాటికల్ సొసైటీ వంటి వృత్తి సంస్థ ఇచ్చిన గుర్తింపు ఏ స్థాయిదో చూడడం అవసరం. 1866లో ఏర్పడిన ఆ సంస్థ, ఇంజినీర్ల వృత్తి హోదాలను నియంత్రించే ఇంజినీరింగ్ కౌన్సిల్ లైసెన్సుతో, కోర్సులను పరిశీలించి గుర్తింపు ఇస్తుంది. ఇన్‌కార్పొరేటెడ్ ఇంజినీర్ హోదాకు గుర్తింపు పొందిన బ్యాచిలర్ డిగ్రీ సరిపోతుంది. చార్టర్డ్ ఇంజినీర్ హోదాకు మాస్టర్స్ స్థాయి చదువు కూడా కావాలి. గుర్తింపు మూడేళ్ల కోర్సుకు ఉండి, టాప్-అప్‌కు లేకపోవచ్చు. కాబట్టి ఇంజినీరింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లోని గుర్తింపు పొందిన కోర్సుల జాబితాలో మీరు చేరే కోర్సు పేరు, చేరే సంవత్సరంతో సహా కనిపిస్తున్నదో లేదో సరిచూసుకోండి.

ఖర్చు విషయానికి వస్తే, 2025-26లో ఇంగ్లండ్‌లో స్థానిక విద్యార్థుల పూర్తికాలిక ఫీజుకు గరిష్ఠ పరిమితి సంవత్సరానికి 9,535 పౌండ్లు. విదేశీ విద్యార్థుల ఫీజుకు అటువంటి పరిమితి లేదు. ఉద్యోగంలో ఉన్నవారు యజమాని భరించే డిగ్రీ అప్రెంటిస్‌షిప్ గురించి ముందే అడిగి చూడాలి. పార్ట్‌టైమ్‌గా రెండేళ్లలో ముగించే ఏర్పాటు ఉంటే లెక్క ఇలా ఉంటుంది: ఒక క్రెడిట్‌కు 10 గంటల శ్రమ అని అంచనా గనుక 120 క్రెడిట్లకు 1,200 గంటలు, అంటే ఏడాదికి 600, సెలవులు పోను వారానికి 12 గంటలు. రాత్రి షిఫ్టులు చేసేవారు ఈ 12 గంటలు తమ రోస్టర్‌లో ఎక్కడ ఇముడుతాయో కాగితంపై రాసుకున్న తర్వాతే ఫీజు కట్టాలి.

పూర్తికాలిక కోర్సులకు యూకాస్ (విశ్వవిద్యాలయ ప్రవేశాల ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ) ద్వారా దరఖాస్తు చేసేటప్పుడు ఏ సంవత్సరంలో ప్రవేశం కోరుతున్నారో తెలిపే గడి ఉంటుంది. దానిని ఖాళీగా వదిలితే మొదటి సంవత్సరానికి దరఖాస్తు చేసినట్లే లెక్క. పార్ట్‌టైమ్ కోర్సులకు సాధారణంగా నేరుగా విశ్వవిద్యాలయానికే రాయాలి. యూనిట్ల వారీ మార్కుల పత్రం, యూనిట్ల పాఠ్యప్రణాళిక, సిఫారసు లేఖ సిద్ధంగా ఉంచుకోవాలి. హెచ్‌ఎన్‌డీ చదివి చాలా ఏళ్లు గడిచి ఉంటే, మధ్య కాలంలో ఆ జ్ఞానాన్ని ఎలా వాడుకలో ఉంచారో మీ దరఖాస్తులో చెప్పడం మరువవద్దు, పాతబడిన క్రెడిట్లను విశ్వవిద్యాలయాలు ప్రశ్నిస్తాయి.

చివరగా ప్రాజెక్టు. 6వ స్థాయిలో అన్నిటికన్నా ఎక్కువ క్రెడిట్లు తరచుగా దీనికే ఉంటాయి, హ్యాంగర్ నుంచి వచ్చినవారు మిగతా విద్యార్థులను మించగలిగేదీ ఇక్కడే. అయితే ప్రశ్న వేసే తీరు మారాలి. విమానం పై తొడుగు రేకులో పగులు కనిపిస్తే నిర్మాణ మరమ్మతు మాన్యువల్ తెరచి, అనుమతించిన పరిమితి చూసి, చెప్పినట్లు సరిచేయడం టెక్నీషియన్ పని. ఆ పరిమితి అంతే ఎందుకు, తదుపరి తనిఖీ ఇన్ని ఫ్లైట్ల తర్వాతే ఎందుకు అని అడగడం డిగ్రీ కోరే పని. 1954లో రెండు కామెట్ ప్రయాణికుల జెట్ విమానాలు గాలిలోనే ముక్కలైనప్పుడు ఫార్న్‌బరోలోని పరిశోధకులు మరో కామెట్ దేహాన్ని నీటి తొట్టెలో ముంచి, లోపల పీడనాన్ని పదేపదే పెంచుతూ తగ్గిస్తూ, లోహం అలసి ఎక్కడ చీలుతుందో కనుగొన్నది ఇటువంటి ప్రశ్నతోనే. మీ పని అనుభవంలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఒక చిన్న లోపాన్ని, ఉదాహరణకు ఒకే చోట తరచూ కారే హైడ్రాలిక్ సీల్‌ను తీసుకుని, దాని వెనుక ఉన్న పీడనం, ఉష్ణోగ్రత, పదార్థపు అరుగుదల లెక్కించి చూపగలిగితే అది మంచి ప్రాజెక్టు అవుతుంది. సంస్థ సమాచారం వాడుకోవడానికి లిఖిత అనుమతిని మాత్రం కోర్సు మొదలవకముందే సంపాదించాలి. ఫిబ్రవరిలో అడిగితే ఆ ఉత్తరం న్యాయ విభాగం దాటి బయటికి వచ్చేసరికి సమర్పణ గడువు ముగిసిపోతుంది.