పెరట్లో ఉసిరి: మొక్క కొనడం నుంచి కాయ కోసేదాకా

చెట్టు ఏపుగా పెరిగింది, ఏటా పూత కూడా వస్తోంది, కాయ మాత్రం పట్టడం లేదు అని ఉసిరి గురించి అడిగేవాళ్లు చాలామంది. వాళ్లను నేను ముందు అడిగేది ఒకటే, చుట్టుపక్కల ఇంకో ఉసిరి చెట్టు ఉందా అని. చాలాసార్లు ఉండదు. ఉసిరికి మగపూలు, ఆడపూలు ఒకే చెట్టు మీద వస్తాయి, కానీ విడివిడిగా వస్తాయి. పైగా చాలా రకాల్లో సొంత పుప్పొడితో కాయ సరిగా పట్టదు, వేరే రకం పుప్పొడి తగిలితేనే గుత్తులు గుత్తులుగా పడుతుంది. అందుకే పెరట్లో చోటుంటే రెండు మొక్కలు పెట్టండి, ఆ రెండూ వేర్వేరు రకాలు అయ్యేలా చూసుకోండి. ఒకే రకం రెండు అంట్లు పెడితే లాభం లేదు, అవి రెండూ ఒకే చెట్టు కింద లెక్క. చోటు ఒక్కదానికే ఉంటే పక్కింటివాళ్లతో మాట్లాడి వాళ్ల పెరట్లో ఇంకో రకం పెట్టించండి, తేనెటీగలకూ గాలికీ ప్రహరీ గోడతో పని లేదు. అదీ కుదరకపోతే చెట్టు కాస్త ముదిరాక అంటు కట్టడం తెలిసిన మనిషిని పిలిపించి, ఒక కొమ్మకి వేరే రకం మొగ్గ అంటు వేయించుకోవచ్చు.

నేను చెప్పేది పెద్ద ఉసిరి, అంటే కార్తీకంలో దీపం పెట్టే కాయ, పచ్చడి పెట్టే కాయ. నర్సరీలో ఊరికే ఉసిరి అంటే రాచ ఉసిరి ఇచ్చేసే అవకాశం ఉంది. అది లేత పసుపు రంగులో, చారలు చారలుగా ఉండి, కొమ్మకి అంటుకుని గుత్తులుగా కాసే పుల్ల ఉసిరి. దాని సంగతి చివర్లో చెప్తాను.

మొక్క కొనేటప్పుడు అంటు మొక్కే అడగండి. విత్తనం మొక్క చవకగా వస్తుంది, బలంగా పెరుగుతుంది, కానీ కాపు మొదలవడానికి ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు, అప్పుడైనా కాయ ఏ సైజులో వస్తుందో ఎవరూ చెప్పలేరు. అంటు మొక్క మూడు నాలుగేళ్లకే కాయ చూపిస్తుంది. అంటు అవునో కాదో పట్టుకోవడం తేలికే. మొదట్లో, నేలకి జానెడు ఎత్తు లోపు చూడండి, కాండం అక్కడ కొంచెం వంకర తిరిగి, ముడిలా ఉబ్బి ఉంటుంది, ముడికి కింద బెరడు ముదురుగా, పైన లేతగా కనిపిస్తుంది. ఆ ముడి లేకుండా కాండం నున్నగా, నిటారుగా ఉంటే అది విత్తనం మొక్కే, అమ్మేవాళ్లు ఏం చెప్పినా.

రకాల్లో ఎన్‌ఏ-7 బాగా దొరుకుతుంది. ఇది ఉత్తరప్రదేశ్‌లోని నరేంద్ర దేవ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఎంపిక చేసిన రకం, ఎన్‌ఏ అంటే నరేంద్ర ఆన్లా, ఆన్లా అంటే హిందీలో ఉసిరి. త్వరగా కాపుకొస్తుంది, విరగ కాస్తుంది, నిజంగానే కొమ్మలు విరిగేంత. దానికి తోడు కృష్ణ గానీ కాంచన్ గానీ పెట్టుకోండి. కృష్ణ కాయ పెద్దది, మీద లేత ఎరుపు జీర ఉంటుంది, పీచు తక్కువ కాబట్టి మురబ్బాకి, తేనెలో ఊరబెట్టడానికి బాగుంటుంది. కాంచన్ కాయ చిన్నది, కొంచెం పీచు ఉంటుంది, కానీ ఆడపూలు ఎక్కువ, ఏటా నమ్మకంగా కాస్తుంది. ఇంట్లో పచ్చడి కోసమే అయితే నా ఓటు ఎన్‌ఏ-7, కాంచన్ జంటకి. బనారసి పాత రకం, కాయ పెద్దదే, కానీ కాపు తక్కువ, రాలడం ఎక్కువ, ఇంటి చెట్టుకి నేను సలహా ఇవ్వను.

నేల విషయంలో ఉసిరి అంత పెంకి చెట్టు ఇంకోటి లేదు. ఎర్ర నేల, గరప నేల, కొంచెం చౌడు ఉన్న నేల, అన్నిట్లోనూ బతుకుతుంది. దానికి పడనిది నీళ్లు నిలవడం. నల్లరేగడి నేల అయితే చుట్టూ కంటే మొక్క ఉన్న చోటు జానెడు ఎత్తుగా చేసి నాటండి. ఎండ పూర్తిగా పడాలి, మామిడి చెట్టు నీడలో పెట్టి కాయ రాలేదంటే ఆ తప్పు ఉసిరిది కాదు. ఇంటి గోడకి కనీసం పదిహేను అడుగులు దూరం, రెండు ఉసిరి చెట్ల మధ్య పద్దెనిమిది ఇరవై అడుగులు ఉంటే మంచిది, స్థలం తక్కువైతే పదిహేనుకి దింపి, ఏటా కత్తిరించుకోవచ్చు.

గుంత మే నెలలోనే తీసి పెట్టుకోండి, రెండున్నర మూడు అడుగులు పొడవు, వెడల్పు, లోతు. పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోసి, గుంతని రెండు వారాలు ఎండకి వదిలేయండి. తొలకరి పడ్డాక పై మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు పదిహేను ఇరవై కిలోలు, వేపపిండి ఒక కిలో కలిపి నింపండి. చెదల బెడద ఉన్నచోట వేపపిండి మానొద్దు. చౌడు నేలైతే అందులోనే నాలుగైదు కిలోల జిప్సం కూడా. జూన్ చివరి నుంచి సెప్టెంబరు లోపు నాటితే వానలే సగం పని చేసిపెడతాయి. నాటేటప్పుడు అంటు ముడి నేలకి పైనే ఉండాలి, మట్టిలో కప్పొద్దు. పక్కన కర్ర పాతి వదులుగా కట్టండి, గాలికి ముడి దగ్గర విరిగిపోయిన అంట్లు కోకొల్లలు.

మొదటి రెండేళ్లు చేయాల్సిన పనులు పెద్దగా ఏమీ లేవు, కానీ ఒక్కటి మర్చిపోకండి. అంటు ముడి కింద నుంచి వచ్చే ప్రతి చిగురునీ గిల్లేయాలి. అది అడవి ఉసిరి చిగురు, పైన కట్టిన రకం కంటే జోరుగా పెరుగుతుంది, వదిలేస్తే ఏడాది తిరిగేసరికి అదే చెట్టయి కూర్చుంటుంది, మీరు డబ్బిచ్చి కొన్న రకం పక్కన ఎండిపోయి ఉంటుంది. చాలామంది కొత్త చిగురు వచ్చిందని మురిసిపోయి దాన్నే పెంచుతారు. కాండాన్ని రెండున్నర మూడు అడుగుల దాకా ఒంటిగా పెరగనిచ్చి, ఆపైన నాలుగైదు కొమ్మల్ని చుట్టూ పరుచుకునేలా ఉంచండి. నిటారుగా, ఇరుకు కోణంలో లేచే కొమ్మల్ని తీసేయండి, ఉసిరి కట్టె పెళుసు, కాయల బరువుకి అలాంటి కొమ్మలే ముందు చీలిపోతాయి.

చలికాలం చివర్లో చెట్టు ఆకు రాలుస్తుంది. మనం ఆకు అనుకునే పొడవాటి రెమ్మ, నిజానికి చిన్న చిన్న ఆకులున్న సన్నటి పుల్ల, ఆ పుల్లతో సహా రాలిపోతుంది. చెట్టు కింద చీపురు పుల్లలు పరిచినట్టు కనిపిస్తుంది. కంగారు పడొద్దు, చెట్టు చచ్చిపోలేదు. ఆ రోజుల్లో నీళ్లు ఆపేయండి. కొత్త రెమ్మలు రావడానికి కాస్త ముందు చెట్టు చుట్టూ పాదు చేసి పశువుల ఎరువు వేయండి. మొక్క వయసు ఏడాదికి పది కిలోల లెక్కన, అంటే మూడేళ్ల చెట్టుకి ముప్పై, పదేళ్ల తర్వాత వంద దగ్గర ఆపేయొచ్చు. ఎరువు వేశాక ఒక్కసారి నిండుగా నీళ్లు పెట్టండి.

ఫిబ్రవరి, మార్చిలో కొత్త రెమ్మలతో పాటే పూత వస్తుంది. ఈ పూతని దగ్గరకెళ్లి చూడాలి, దూరం నుంచి కనపడదు. రెమ్మ పొడవునా, ఆకుల మొదట్లో ఆకుపచ్చ పసుపు కలిసిన పూలు ఆవగింజలంత చిన్నవి గుంపులుగా ఉంటాయి, వాటిలో దాదాపు అన్నీ మగపూలే. ఆడపూలు కొన్ని రెమ్మల్లో, అదీ చివరి వైపు, ఆకు మొదట్లో అతుక్కుని ఉంటాయి. మగపూలు పని అయిపోగానే రాలిపోతాయి, చెట్టు కింద పసుపు చల్లినట్టు పడతాయి. పూత రాలిపోయింది, ఈ ఏడు కాయ లేదు అని చాలామంది ఇక్కడే ఆశ వదిలేస్తారు. ఆ రాలింది మగపూత, అది రాలాల్సిందే.

అసలు గమ్మత్తు ఆ తర్వాత ఉంది. కట్టిన పిందె వెంటనే పెరగదు. ఏప్రిల్, మే, జూన్, ఎండాకాలం మొత్తం కంటికి కనపడనంత చిన్నగా, కదలకుండా రెమ్మకి అంటిపెట్టుకుని నిద్రపోతుంది. వానలు పడి, గాలిలో తేమ పెరిగాక, జులై ఆగస్టులో ఒక్కసారిగా ఊరడం మొదలుపెడుతుంది. నిన్న ఏమీ లేని రెమ్మ మీద బఠాణీ గింజలంత కాయలు కనిపిస్తాయి. ఈ సంగతి తెలియక మే నెలలో చెట్టు ఎండు కొమ్మలంటూ రెమ్మలన్నీ కత్తిరించేసేవాళ్లు ఉన్నారు, ఆ రెమ్మలతో పాటు ఆ ఏడాది కాయలు కూడా పోతాయి. కత్తిరింపు ఏదైనా ఉంటే కాయ కోత అయ్యాక, కొత్త చిగురు రాకముందే ముగించండి. ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి, లోపలి నుంచి నిటారుగా లేచే నీటి కొమ్మలు, అంతవరకే.

నీళ్ల లెక్క కూడా దీన్నిబట్టే. చిన్న మొక్కకి ఎండాకాలంలో వారానికి రెండుసార్లయినా తడి కావాలి. కాపుకొచ్చిన చెట్టుకి పూత మీద ఉన్నప్పుడు నీళ్లు పెట్టొద్దు, పూత రాలుతుంది. పూత అయిపోయాక ఏప్రిల్ నడిమి నుంచి వానలు వచ్చేదాకా పదిహేను రోజులకోసారి పెడితే చాలు. పాదులో ఎండుటాకులు, వరిగడ్డి పరిస్తే తడి నిలుస్తుంది. రోజూ పైపు పట్టుకుని తడపడం అలవాటైనవాళ్లకి ఇది కష్టమే, కానీ కాయ కావాలంటే చేయి ఆపుకోవాలి.

కాయ కోసి చూస్తే లోపల గింజ చుట్టూ గోధుమ రంగుకి తిరిగి, తర్వాత నల్లబడి ఉంటే అది పురుగు పని కాదు, బోరాన్ లోపం. సెప్టెంబరు, అక్టోబరులో లీటరు నీటికి ఆరు గ్రాముల బోరాక్స్ కలిపి రెండు వారాల తేడాతో రెండు మూడు సార్లు కాయలు తడిసేలా కొట్టండి. ఎన్‌ఏ-7లో ఈ బాధ దాదాపు ఉండదు. కాయల మీద, ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకి మూడు నాలుగు గ్రాములు కలిపి చల్లండి. వానాకాలంలో కొమ్మ చివర్లు బొడిపెల్లా ఉబ్బితే లోపల పురుగు ఉన్నట్టు, ఆ బొడిపెకి కింద కత్తిరించి కాల్చేయండి, మందు అక్కర్లేదు. కాండం మీద రంపపు పొట్టులాంటిది గూడు కట్టి వేలాడుతుంటే బెరడు తొలిచే పురుగు. ఆ పొట్టు తుడిచి, కన్నం కనిపెట్టి, ఇనప తీగ లోపలికి పోనిచ్చి పొడవండి, తర్వాత కిరసనాయిల్లో ముంచిన దూది కుక్కి పైన బంకమట్టి మెత్తండి. ఇది పాత పద్ధతి, బాగా పనిచేస్తుంది.

మిద్దె తోటలో అవుతుందా అంటే, పెద్ద డ్రమ్ములో అంటు మొక్క పెట్టి, ఏటా కత్తిరించుకుంటూ ఉంటే నాలుగు కాయలు చూడొచ్చు, కానీ ఇది వేరు లోతుకి దింపే చెట్టు, దానికి నేలే కావాలి. మేడ మీద కావాలంటే రాచ ఉసిరి పెట్టండి. గింజ నుంచి పెంచినా మూడు నాలుగేళ్లకే కాస్తుంది, ఒక్క చెట్టున్నా కాయ పడుతుంది, పప్పులోకి, పులిహోరలోకి పనికొస్తుంది.

మళ్లీ పెద్ద ఉసిరి దగ్గరికి వస్తే, కాయలు నిండుగా ఉన్న కొమ్మలకి అక్టోబరులోనే వెదురు గడలు ఊతంగా పెట్టండి. కార్తీకంలో పూజకి ఒకటి అర కోసుకోవచ్చు గానీ, చాలా చోట్ల అసలు పక్వం నవంబరు చివర, డిసెంబరు నాటికి వస్తుంది. ముదురు ఆకుపచ్చ పోయి కాయ లేత పసుపు జాడలోకి మారుతుంది, వెలుగుకి ఎత్తి పట్టుకుంటే లోపలి చారలు లీలగా కనిపిస్తాయి. అనుమానం ఉంటే ఒకటి కోసి గింజ చూడండి, తెల్లగా ఉంటే ఇంకా ఆగాలి, గోధుమ రంగుకి తిరిగితే కోయొచ్చు. గడతో కొట్టొద్దు, కొమ్మ ఊపి రాల్చొద్దు, దెబ్బ తగిలిన కాయ రెండు రోజుల్లో మచ్చపడి పచ్చడి మొత్తాన్ని బూజు పట్టిస్తుంది. నిచ్చెన వేసుకుని, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చేత్తో ఒక్కొక్కటే తెంపి, గోనెసంచి పరిచిన బుట్టలో వేయండి. పచ్చడికైతే కడిగి, గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే ఉప్పులో వేయండి. కాయలన్నీ కోసేశాక చెట్టు మీద ఒక్కటి కూడా వదలొద్దు, సంక్రాంతి దాటాక కూడా మోయిస్తే వచ్చే ఏడు పూత పలచబడుతుంది.