పదవి అడిగే ఉత్తరాన్ని కింది నుంచి చదవండి: ఇటలీ మానవతావాదుల లేఖలు అర్థం చేసుకునే పద్ధతి

15వ శతాబ్దపు ఇటలీలో ఒక మానవతావాది (ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాల పండితుడు) చర్చి పదవి కోసం కార్డినల్‌కు రాసిన లాటిన్ ఉత్తరం మొదటి పేజీ దాటడమే కష్టం. రోమన్ వక్త సిసెరో వస్తాడు, కవులను పోషించిన రోమన్ ధనికుడు మెసీనస్ వస్తాడు, కార్డినల్ గారి గుణగణాలు వరుసకడతాయి. ఇదంతా ముఖస్తుతి అని చాలామంది అక్కడే పక్కన పెడతారు. అడగదలచుకున్నది చివరి పది వాక్యాల్లో ఉంటుంది, మిగిలిన ఆనవాళ్లు తేదీలో, కాగితం వెనకవైపు చిరునామాలో ఉంటాయి. కనుక కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లడం మేలు.

తేదీ లెక్క

మానవతావాదులు రోమన్ పంచాంగం వాడతారు. నెల మొదటి రోజు కలెండ్స్. నోన్స్ 5న, ఐడ్స్ 13న. మార్చి, మే, జులై, అక్టోబరు నెలల్లో మాత్రం అవి 7న, 15న. మధ్యలోని రోజులను రాబోయే గుర్తు నుంచి వెనక్కి లెక్కిస్తారు, ఆ గుర్తు రోజును కూడా లెక్కలో కలుపుకుంటారు. అందుకే సూత్రం ఇలా ఉంటుంది: కలెండ్స్‌కు ముందైతే, గడుస్తున్న నెలలోని రోజులకు 2 కలిపి, ఇచ్చిన అంకెను తీసేయాలి. నోన్స్‌కో ఐడ్స్‌కో ముందైతే, ఆ గుర్తు తేదీకి 1 కలిపి అంకెను తీసేయాలి. ‘మే కలెండ్స్‌కు 14’ అంటే 30+2−14, అంటే ఏప్రిల్ 18. ‘మే’ అన్న మాట చూసి మే నెలలో వేస్తే దాదాపు నెల రోజులు తప్పుతాం. ‘జనవరి కలెండ్స్‌కు ముందు’ అని ఉన్న ఉత్తరాలన్నీ డిసెంబరువే. వీటిని జనవరి దస్త్రంలో పెట్టేయడం పాత కేటలాగుల్లో తరచూ కనిపించే పొరపాటు.

సంవత్సరంతో చిక్కు ఇంకా ఎక్కువ. ఫ్లోరెన్స్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలవుతుంది, వెనిస్‌లో మార్చి 1న, మిలాన్‌లో క్రిస్మస్ నాడు. పీసా కూడా మార్చి 25నే మొదలుపెడుతుంది, కానీ ఫ్లోరెన్స్ కన్నా ఏడాది ముందుంటుంది. ఫ్లోరెన్స్ నుంచి ‘1491 ఫిబ్రవరి 10’ అని వస్తే మన లెక్కలో అది 1492. మిలాన్ నుంచి ‘1468 డిసెంబరు 28’ అని వస్తే మనకది 1467. రోమ్‌లో పోప్ కార్యాలయపు కాగితాల్లోనే రెండు పద్ధతులుంటాయి: పోప్ నాలుగో యూజీనియస్ కాలం నుంచి బుల్లాల (సీసపు ముద్ర ఉన్న పోప్ పత్రాల) మీద మార్చి 25 లెక్క నడుస్తుంది, బ్రీఫ్‌ల (మైనపు ముద్ర ఉన్న పోప్ ఉత్తరాల) మీద క్రిస్మస్ లెక్క. పోప్ పాలనా సంవత్సరం కూడా రాసి ఉంటే దాన్ని ఎన్నిక రోజు నుంచి కాక పట్టాభిషేకం రోజు నుంచి లెక్కించాలి.

కొన్ని ఉత్తరాల మీద గంట కూడా ఉంటుంది. ఆ కాలపు ఇటలీలో గంటల లెక్క సూర్యాస్తమయం నుంచి మొదలవుతుంది. రోమ్‌లో ‘రాత్రి మూడో గంట’ అంటే డిసెంబరులో సుమారు ఏడున్నర, జూన్‌లో దాదాపు పదకొండు. ఆ గంట ఎందుకు రాశారో తెలియాలంటే పోప్ కార్యాలయపు రెండు నియమాలు తెలిసి ఉండాలి.

మొదటిది ఇరవై రోజుల నియమం. ఒక మతాధికారి తన పదవికి రాజీనామా చేసి ఇరవై రోజుల్లోపు చనిపోతే ఆ రాజీనామా చెల్లదు, పదవి మరణం వల్ల ఖాళీ అయినట్టే లెక్క. చావుమంచం మీద ఉన్నవాడి చేత రాజీనామా రాయించి బంధువుకు కట్టబెట్టడాన్ని ఆపడానికి పెట్టిన నియమం ఇది. రెండోది వార్త చేరే అవకాశాన్ని చూసే నియమం. ఒకడు దూరపు ఊళ్లో చనిపోయాడు, ఆ వార్త రోమ్ చేరడానికి పట్టే సమయం గడవకముందే అతని పదవి కోసం విన్నపం పడింది అనుకుందాం. ఆ మంజూరు రద్దు. మనిషి బతికుండగానే పదవి కోసం కాచుకున్నారని అనుమానం అన్నమాట. అందుకే జబ్బు వార్తలు, గుర్రపు తపాలా వేగం, బయట ‘చితో, చితో’ (త్వరగా, త్వరగా) అని రాసిన రాతలు: ఇవేవీ అలంకారాలు కావు. ఖాళీ అయిన పదవి గురించిన ఉత్తరం దొరికితే మరణించిన తేదీ, ఉత్తరం తేదీ, రోమ్‌లో విన్నపం మీద పడిన తేదీ పక్కపక్కన రాసుకోండి. వ్యవహారం ఎటు తిరిగిందో సగం అక్కడే తెలుస్తుంది.

అడుగుతున్నదేమిటి

మధ్యయుగపు లేఖారచన ఉత్తరాన్ని ఐదు భాగాలు చేసింది: సంబోధన, మంచిచేసుకునే మాటలు, కథనం, కోరిక, ముగింపు. మానవతావాదులు ఈ చట్రాన్ని వెక్కిరించారు కానీ, పని పడినప్పుడు కోరిక మాత్రం నాలుగో చోటే కూర్చుంటుంది. అక్కడ ఈ మాటలు వెతకండి.

మరణం వల్ల ఖాళీ, రాజీనామా వల్ల ఖాళీ: పైన చెప్పిన రెండు నియమాలు వీటికే. ‘ఎక్స్‌పెక్టేటివ్’ అంటే ఇంకా ఖాళీ కాని పదవి మీద వరుసలో నిలబడే హక్కు. చేతిలోకి వచ్చేదాకా దాని విలువ కాగితమంతే. ‘కొమెండా’ అంటే మఠాన్నో చర్చినో సంరక్షణ పేరుతో అప్పగించి, దాని ఆదాయాన్ని అనుభవించనివ్వడం. మఠవాసి కానివాడు మఠం ఆదాయం తినడానికి దారి ఇదే. ‘పెన్షన్’ అయితే పదవి ఒకరికి, దాని రాబడిలో వాటా మరొకరికి.

వీటన్నిటి కన్నా ముఖ్యమైన ప్రశ్న: ఆ పదవిలో ఆత్మల సంరక్షణ బాధ్యత ఉందా? ఉంటే ఊళ్లో ఉండాలి, గురువుగా (చర్చి పూజారిగా) అభిషేకం పొందాలి, ప్రార్థనలు నడపాలి. పుస్తకాలు వెతుక్కునేవాడికి కావలసింది ఆ బాధ్యత లేని పదవి. మానవతావాది పోజో బ్రాచోలీనీ వించెస్టర్ బిషప్ హెన్రీ బోఫోర్ట్ ఆశ్రయంలో 1418 నుంచి కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో గడిపాడు. అక్కడి నుంచి మిత్రుడు నికోలో నికోలీకి రాసిన ఉత్తరాల్లో ఈ బేరమే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: గురువుగా మారడం ఇష్టం లేదు, బాధ్యత లేని ఆదాయం కావాలి, చూపిస్తున్నదేమో చిన్నది. డచ్ పండితుడు ఎరాస్మస్ విషయంలో పెన్షన్ పనిచేసే తీరు స్పష్టంగా కనబడుతుంది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ వార్హమ్ 1512లో అతనికి కెంట్‌లోని ఆల్డింగ్టన్ చర్చి ఇచ్చాడు. ఇంగ్లీషు రాని గురువు ఆ ఊరికి ఏం చెబుతాడు? కొద్ది నెలల్లోనే వదులుకున్నాడు, బదులుగా దాని రాబడి మీద పెన్షన్ ఏర్పాటైంది. తర్వాత 1517లో పోప్ పదో లియో అతనికి మినహాయింపు ఇచ్చాడు. అతని జన్మ వివాహేతరం, ఆ లోపం తొలగితే తప్ప చర్చి పదవులు నిక్కచ్చిగా నిలవవు. ఉత్తరంలో ‘మినహాయింపు’ అన్న మాట తగిలితే అడ్డు ఏమిటో (జన్మా, వయసా, ఒకటికి మించిన పదవులా) తేల్చుకోకుండా ముందుకు పోకండి.

రోమ్‌లో కాగితం నడిచే దారి

విన్నపం ముందు పోప్ దగ్గరకో, ఆయన అధికారం ఇచ్చినవాడి దగ్గరకో పోతుంది. పోప్ స్వయంగా ఒప్పుకుంటే ‘ఫియాత్ ఉత్ పెటితుర్’ (అడిగినట్టే జరగాలి) అని రాసి ఒక అక్షరం పెడతాడు. ఆ అక్షరం పోప్ పేరుది కాదు, ఆయన పుట్టుపేరుది. రెండో పయస్ ‘E’ అని పెట్టాడు, అసలు పేరు ఎనేయా (Enea) సిల్వియో. నాలుగో సిక్స్‌టస్ ‘F’, ఫ్రాంచెస్కో (Francesco) కాబట్టి. ఈ సంగతి తెలియక అక్షరాన్ని గుమాస్తా సంతకం అనుకోవడం కద్దు. పోప్ కాక వేరొకరు సంతకం చేస్తే ‘కొన్సెసుమ్’ అని ఉంటుంది. పోప్ స్వయంగా సంతకం చేయడం అడిగినవాడి పలుకుబడికి కొలమానం కూడా. తర్వాత డేటరీ (మంజూరైన విన్నపాల మీద తేదీ వేసే పోప్ అధికారి) తేదీ వేస్తాడు. ఇద్దరు ఒకే పదవి అడిగితే ముందు తేదీ ఉన్నవాడిదే పైచేయి, అందుకే డేటరీని మంచి చేసుకోవాలని ఉత్తరాల్లో అంత తాపత్రయం. ఆపైన విన్నపాల రిజిస్టరులోకి నకలు, దాని మీద బుల్లా తయారీ.

బుల్లా తోలు మీద రాసి, సీసపు ముద్ర వేలాడదీసిన పత్రం. ముద్ర దారం చూడండి: అనుగ్రహ పత్రాలకు పట్టు దారం, ఆజ్ఞాపత్రాలకు జనపనార దారం. పదవి మంజూరైతే సాధారణంగా రెండూ పుడతాయి. పట్టు దారంది పదవి పొందినవాడికి, నారదారంది దాన్ని అమలు చేయాల్సిన స్థానిక అధికారులకు. నారదారం పత్రం ఒక్కటే మిగిలి ఉంటే పట్టు దారం జోడీ ఒకటి ఉండేదని లెక్క. బ్రీఫ్ వేరు. పల్చని తోలు, మైనం మీద ‘మత్స్యకారుడి ఉంగరం’ అనే పోప్ ఉంగరం ముద్ర, అడుగున కార్యదర్శి పేరు. పదో లియో బ్రీఫ్‌ల కింద పియెట్రో బెంబో, యాకోపో సదోలెటో పేర్లు కనిపించేది అక్కడే.

ఇక డబ్బు. బిషప్పులు, పెద్ద మఠాధిపతులు నియామకం మీద ఏడాది ఆదాయంలో మూడో వంతు కట్టాలి. చిన్న పదవులకు, ఏడాది రాబడి 24 ఫ్లోరిన్లు దాటితే, మొదటి ఏడాది ఆదాయంలో సగం. దీని పైన రాతగాళ్లకు, సంక్షేపకారులకు (బుల్లాల చిత్తు తయారుచేసేవాళ్లకు), ముద్ర వేసేవాళ్లకు, నమోదు చేసేవాళ్లకు విడివిడిగా రుసుములు. ఈ ఉద్యోగాలే స్వయంగా మానవతావాదులకు బతుకుతెరువు. రెండో పయస్ సంక్షేపకారులకు 70 స్థానాల సంఘం ఏర్పాటు చేశాడు. రెండో పౌలు 1464లో దాన్ని ఎత్తేశాడు. ఉద్యోగం పోయిన మానవతావాది ప్లాటీనా పోప్‌కే బెదిరింపు ఉత్తరం రాసి జైలుకు వెళ్లాడు.

సంతకం పడిందని కృతజ్ఞతా లేఖ రాసినంత మాత్రాన పదవి దక్కినట్టు కాదు. స్థానికంగా స్వాధీనం కావాలి, వెనిస్, మిలాన్ లాంటి చోట్ల పాలకుల అంగీకారం కావాలి, పోటీదారుడుంటే రోమ్‌లో పోప్ న్యాయస్థానమైన రోటా కోర్టులో వ్యాజ్యం. ఫ్రాన్స్‌లో పోప్‌తో రాజు చేసుకున్న 1516 ఒప్పందం తర్వాత బిషప్పుల పేర్లు చెప్పేది రాజే. కాబట్టి ‘పొందాడు’ అని రాసే ముందు ఆదాయం చేతికందిన ఆధారం వెతకండి.

మధ్యవర్తి రాయబారి

1454 లోడి సంధి తర్వాత ఇటలీ రాజ్యాల మధ్య స్థిరంగా కాపురముండే రాయబారులు మామూలైపోయారు. సిఫారసులు వాళ్ల సంచుల్లోనే తిరిగాయి. ఒకే కట్టలో రెండు ఉత్తరాలు వెళతాయి. లాటిన్‌లో మెరుగు పెట్టినది అందరికీ చదివి వినిపించడానికి. వాడుక ఇటాలియన్‌లో రాసింది రాయబారికి: ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరిని ముందు కలవాలి, ఎక్కడ ఆగాలి. రెండోది చదవకుండా మొదటిదాని మీద తీర్పు చెప్పకూడదు. ఫ్లోరెన్స్‌ను నడిపించిన లొరెంజో దె మెదిచి తన కొడుకు జొవాన్నీకి కార్డినల్ పదవి సంపాదించిన తీరు ఇందుకు గట్టి ఉదాహరణ. పోప్ ఎనిమిదో ఇన్నొసెంట్ 1489లో పదమూడేళ్ల కుర్రాడికి ఆ పదవి ఇచ్చి, 1492 దాకా బయటపెట్టవద్దన్నాడు. రోమ్‌లో ఆ పని నడిపించినవాడు ఫ్లోరెన్స్ రాయబారి జొవాన్నీ లాన్‌ఫ్రెదీనీ. అంతకుముందే పోప్ కొడుకుకూ లొరెంజో కూతురికీ పెళ్లి కుదిరింది. కూతురి పెళ్లి సంగతి లేకుండా ఆ లాటిన్ మర్యాదలు చదివితే ఏమీ అర్థం కాదు.

గూఢలిపి భాగాలుంటే విప్పిన పాఠం సాధారణంగా వరసల మధ్యనో వేరే కాగితం మీదనో ఉంటుంది. అది అందుకున్న కార్యాలయం రాసినది, పంపినవాడిది కాదు. తప్పులుంటాయి. ఒక అక్షరానికి అనేక గుర్తులు, అర్థం లేని గుర్తులు, పోప్, డ్యూక్ లాంటి మాటలకు ప్రత్యేక చిహ్నాలు: ఇవి మామూలు. మిలాన్ కార్యదర్శి చిక్కో సిమొనెత్తా 1474లో గూఢలిపి ఛేదించే నియమాలు రాసుకున్నాడంటే ఎదుటివాళ్లూ ఛేదిస్తారని అందరికీ తెలుసన్నమాట. గూఢలిపిలో లేని భాగాన్ని శత్రువు చదువుతాడని తెలిసే రాసి ఉంటారు.

రాయబారే పదవి తీసుకుంటే ఏమవుతుంది? ఎర్మొలావో బార్బరో సంగతి చూడండి. రాయబారి విధుల మీద గ్రంథం రాసిన పండితుడు, రోమ్‌లో వెనిస్ రాయబారి. 1491 మార్చిలో అక్విలేయా పేట్రియార్క్ (బిషప్ కన్నా పై హోదా) స్థానం ఖాళీ కాగా పోప్ ఆయనకే ఇచ్చాడు, ఆయన ఒప్పుకున్నాడు. రాయబారులు విదేశీ ప్రభువు నుంచి అలాంటివి పుచ్చుకోవడం వెనిస్ చట్టం ఒప్పదు. వదులుకోమని సెనేట్ ఆజ్ఞాపించింది, పోప్ వదలనివ్వలేదు. వెనిస్‌కు తిరిగి వెళ్లలేక 1493లో రోమ్‌లోనే చనిపోయాడు. వెనిస్ రాయబారి ఉత్తరంలో ‘నేను కోరలేదు’ అని రెండు మూడుసార్లు కనబడితే అది వినయం కాకపోవచ్చు, చట్టం ముందు పెట్టుకున్న రక్షణ కావచ్చు.

మీ చేతిలో ఉన్నది ఏ ప్రతి?

పంపిన ఉత్తరానికి మడతల గుర్తులు, ముద్ర కోసం కోసిన చీలికలు, వెనక చిరునామా, అందుకున్నవాడి గుమాస్తా రాసిన తేదీ ఉంటాయి. చిత్తుప్రతిలో కొట్టివేతలుంటాయి, అవే విలువైనవి: ఏ మాట కొట్టి ఏ మాట పెట్టాడో చూస్తే భయం ఎక్కడుందో తెలుస్తుంది. రిజిస్టరు నకలులో మర్యాద వాక్యాలు కుదిస్తారు. రచయిత స్వయంగా కూర్చిన లేఖాసంపుటాన్ని అన్నిటికన్నా తక్కువ నమ్మండి. తేదీలు తీసేస్తారు, శైలి దిద్దుతారు, పదవి దక్కని ఉత్తరాలు మాయమవుతాయి. బెంబో తాను లియో పేరుతో రాసిన ఉత్తరాలను 1535లో అచ్చు వేసినప్పుడు అవి సిసెరో శైలికి నమూనాలుగా వెలువడ్డాయి. కార్యాలయపు అసలు దొరికితే పక్కన పెట్టి పోల్చండి.

చివరగా ఉత్తరం మొదటి వరుస. అక్కడ ‘నువ్వు’ అనే తూ ఉందా, ‘మీరు’ అనే వోస్ ఉందా చూడండి. ఎంత గొప్పవాడినైనా ప్రాచీనుల పద్ధతిలో తూ అనాలని 14వ శతాబ్దపు కవి పెట్రార్క్ నుంచీ మానవతావాదుల పట్టుదల. పండితుడైన కార్డినల్‌కు అది చెల్లుతుంది. అదే రచయిత డ్యూక్ కార్యాలయానికి రాసేటప్పుడు వోస్‌కు మారితే, ఆ ఉత్తరం గుమాస్తాల చేతుల మీదుగా వెళుతుందని అతనికి తెలుసు. తూ అని మొదలై, కోరిక దగ్గరకు వచ్చేసరికి ‘మీ మహనీయత’ అని తిరిగిన ఉత్తరాలూ ఉన్నాయి. అలా తిరిగిన వాక్యం కింద గీత గీసి, పొగడ్తలు అక్కడి నుంచి పైకి చదవండి.