నేనలా అనలేదు! ఆర్పీజీ గేముల్లో డైలాగు తిప్పలు: సమస్య - పరిష్కారం

ఆర్పీజీ (మనమే ఒక పాత్రగా మారి కథ నడిపే వీడియో గేమ్) ఆడుతూ డైలాగు దగ్గర చిరాకు పుడితే "రైటింగ్ బాలేదు" అనేస్తాం. చాలాసార్లు తేడా కథలో ఉండదు, మన మాటను గేమ్ ఏ లెక్కలో వేసుకుంటోందన్న దాంట్లో ఉంటుంది. ఆ లెక్క పట్టుకుంటే కొన్నిచోట్ల దారి దొరుకుతుంది. కొన్నిచోట్ల అసలు దారే పెట్టి ఉండరు.

సమస్య: నెమ్మదిగా అడుగుదామని నొక్కితే హీరో అరిచాడు

కారణం: తెర మీద మనకు కనిపించేది డైలాగు కాదు, దాని ముక్క. హీరోకి గొంతు పెట్టిన గేముల్లో పూర్తి వాక్యం చూపిస్తే మనం చదివిందే మళ్లీ వినాలి. అందుకని రెండు మూడు మాటలకు కుదించేస్తారు. ఫాల్అవుట్ 4 (2015)లో ఇది శ్రుతి మించింది. ప్రతి సంభాషణనూ కంట్రోలర్ మీది నాలుగు బటన్లలో సర్దారు: సరేననడం, కాదనడం, ప్రశ్న, వెటకారం. కాదన్నా చాలాచోట్ల "ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం" అన్నట్టే తీసుకుంటుంది. ఆర్పీజీ కాదు గానీ, ఎల్.ఏ. నోయిర్ (2011)లో "డౌట్" నొక్కితే డిటెక్టివ్ ఫెల్ప్స్ సాక్షి మీద ఎలా విరుచుకుపడతాడో ఆడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2017లో మెరుగుపరిచి మళ్లీ విడుదల చేసిన రీమాస్టర్‌లో ఆ బటన్ పేరు "బ్యాడ్ కాప్" అని మార్చారు. ఆ అరుపులు అలాగే ఉన్నాయి గానీ, కనీసం ముందే తెలుస్తుంది.

పరిష్కారం: ఫాల్అవుట్ 4 పీసీలో ఆడుతుంటే "ఫుల్ డైలాగ్ ఇంటర్‌ఫేస్" అనే మోడ్ (అభిమానులు గేమ్‌కు చేసిన మార్పు) వేసుకోండి, హీరో అనబోయే వాక్యం మొత్తం కనిపిస్తుంది. మోడ్ వద్దనుకునేవాళ్లు మాట కలిపే ముందు సేవ్ చేసుకోవడమే మార్గం. సైబర్‌పంక్ 2077లో అయితే రంగు చూడండి. పసుపు రంగుది కథను ముందుకు జరుపుతుంది, నీలం రంగుది అదనపు సమాచారం మాత్రమే. నీలంవి ముందు పూర్తి చేయండి.

సమస్య: ఆప్షన్ కనిపిస్తోంది, కానీ బూడిద రంగులో ఉంది, నొక్కితే పడట్లేదు

ఎక్కువమందిని ఏడిపించింది ఇదే. మాస్ ఎఫెక్ట్ 2 (2010) తీసుకోండి. మన బృందంలోని జాక్, మిరాండా ఇద్దరి లాయల్టీ మిషన్లూ (వాళ్ల నమ్మకం సంపాదించే పనులు) అయ్యాక, ఓడలో మిరాండా ఆఫీసులో ఇద్దరూ కొట్టుకునేదాకా వస్తారు. చిన్నప్పుడు తన మీద ప్రయోగాలు చేసింది సెర్బెరస్ సంస్థేనని జాక్ గొడవ. ఆ సంస్థలోనే పెద్ద హోదాలో ఉన్న మిరాండా అది దారితప్పినవాళ్ల పని అంటుంది. ఇద్దరికీ సర్దిచెప్పే నీలం మాట, ఎర్ర మాట రెండూ ఎదురుగానే ఉంటాయి, రెండూ మూతపడి ఉంటాయి. చచ్చినట్టు ఒకరి పక్షం తీసుకోవాలి. రెండో ఆమె నమ్మకం పోతుంది. ఆఖరి మిషన్‌లో ఆమె ప్రాణాలు పోయే ప్రమాదమూ పెరుగుతుంది.

కారణం: ఈ గేమ్ మీ దగ్గర ఎన్ని పాయింట్లు ఉన్నాయో చూడదు. అప్పటిదాకా దొరకగలిగిన పారగాన్ (దయ, నీలం) లేదా రెనిగేడ్ (కటువు, ఎరుపు) పాయింట్లలో ఎంత వంతు సంపాదించారో చూస్తుంది. సందర్భాన్ని బట్టి ఒకచోట దయగా, ఒకచోట కటువుగా నడిచినవాడు రెంటికీ చెడ్డ రేవడే. నిజానికి ఆలోచించి ఆడేది వాడే. నన్నడిగితే ఈ పద్ధతి నీతిని కొలవదు, మొండితనాన్ని కొలుస్తుంది.

పరిష్కారం: ఆట మొదట్లోనే ఒక రంగు ఎంచుకుని, ఆ గొడవ అయ్యేదాకా దాన్నే పట్టుకోండి. మీ క్లాసుకు (హీరో పోరాట రకానికి) ఉండే పాసివ్ టాలెంట్‌లో (ఎప్పుడూ పనిచేసే నైపుణ్యంలో) ముందుగా పాయింట్లు పెట్టండి, అది ఈ లెక్కకు కొంత శాతం కలుపుతుంది. ఇద్దరి మిషన్లలో రెండోదానికి బయల్దేరే ముందు విడిగా ఒక సేవ్ ఉంచుకోండి. ఇప్పటికే చెడిపోయిందా? మీటరు పెరిగాక, అలిగినామె దగ్గరికి వెళ్లి మాట్లాడి చూడండి, నమ్మకం తిరిగి వచ్చే వీలుంది. అదే బృందంలోని టాలీ, లీజియన్ మధ్య గొడవకూ ఇదే మందు. మాస్ ఎఫెక్ట్ 3 (2012)లో రెండు రకాల పాయింట్లూ ఒకే రెప్యుటేషన్‌లో కలుస్తాయి కాబట్టి అక్కడ ఈ టెన్షన్ ఉండదు.

సమస్య: దొంగముఠా సొమ్ము ఎత్తుకెళ్లినా కర్మ (మంచిచెడుల స్కోరు) తగ్గుతోంది

ఫాల్అవుట్: న్యూ వేగస్ (2010). పట్టించుకోకండి. అందులో కథను నడిపేది కర్మ కాదు, ఒక్కో వర్గం దగ్గర మీకున్న పేరు. దాన్ని చూసుకుంటే చాలు.

సమస్య: "నేను చేయను" అనే ఆప్షనే లేదు

కారణం: రాసినవాళ్లకు ఒకే ముగింపు కావాలి. స్కైరిమ్ (2011)లో, మనకు సాయం చేసిన ముసలి డ్రాగన్ పార్థర్‌నాక్స్‌ను చంపమని బ్లేడ్స్ అనే డ్రాగన్ వేటగాళ్ల బృందం నాయకురాలు డెల్ఫిన్ పట్టుబడుతుంది. కుదరదని తేల్చి చెప్పే మాట లేదు. ఆమెనే లేపేద్దామన్నా ఎసెన్షియల్ పాత్ర, చావదు.

పరిష్కారం: ఆ క్వెస్టును జర్నల్‌లో అలాగే వదిలేయండి. ప్రధాన కథ దానికోసం ఆగదు. పోయేది బ్లేడ్స్ సాయం ఒక్కటే. అదీ కావాలంటే "ది పార్థర్‌నాక్స్ డైలెమా" అనే మోడ్ ఉంది, చంపనని మొహం మీదే చెప్పొచ్చు.

ఫాల్అవుట్ 3 (2008) ముగింపు దీనికంటే ఘోరం. రేడియేషన్ నిండిన గదిలోకి వెళ్లి ఎవరో ఒకరు ప్రాణం వదలాలి. పక్కనే మన తోడుగా వచ్చిన ఫాక్స్ ఉంటాడు, రేడియేషన్ అతన్ని ఏమీ చేయదు. అంతకుముందు వాల్ట్ 87 అనే బంకర్‌లో అలాంటి చోటికే మన కోసం వెళ్లి వచ్చాడు కూడా. ఇప్పుడు మాత్రం ఇది నీ విధి అని చేతులు ముడుచుకుంటాడు. 2009లో వచ్చిన బ్రోకెన్ స్టీల్ అనే అదనపు భాగం వేసుకుంటే అతన్ని పంపొచ్చు. గేమ్ ఆఫ్ ది ఇయర్ ఎడిషన్‌లో అది కలిసే వస్తుంది. ఫాక్స్ హాయిగా బతికి బయటపడినా సరే, ముగింపులో కథకుడు మాత్రం నిజమైన హీరో లోపలికి వెళ్లినవాడే అన్నట్టు మనల్ని దెప్పుతాడు. ఆ వాక్యాలను మార్చలేదు.