పాత మార్లిన్ 60 ఇరుక్కుపోతుంటే: మా గరాజ్‌లో నేను చేసిన రిపేరు

మా పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ నా చేతిలో ఒక పాత రైఫిల్ పెట్టాడు. గ్లెన్‌ఫీల్డ్ మోడల్ 60. అమెరికా తుపాకుల కంపెనీ మార్లిన్ వాళ్లే తక్కువ ధరకి అమ్మడానికి వేసుకున్న పేరు గ్లెన్‌ఫీల్డ్. చెక్క పిడి మీద ఉడత బొమ్మ అచ్చుగుద్ది ఉంటుంది. సీరియల్ నంబరు 22తో మొదలవుతోంది. 1973 తర్వాతి మార్లిన్లలో నంబరులోని మొదటి రెండంకెల్ని వందలోంచి తీసేస్తే తయారైన ఏడాది తెలుస్తుంది. అంటే మాది 1978ది.

"రెండు పేలిస్తే మూడోది ఇరుక్కుంటుంది. పాడైపోయింది, విడిభాగాలకి వాడుకో," అన్నాడు. పాడైందని నాకు అనిపించలేదు. తెనాలిలో మా నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. "పాడైంది" అని తెచ్చిన పది మిషన్లలో ఎనిమిదింటికి కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్ చాలేవి. ఈ తుపాకీ కూడా ఆ జాతే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. నేనుండేది మిస్సోరిలో, గ్రీన్ కార్డ్ వచ్చాకే దీని జోలికెళ్లాను. హెచ్-1బి లాంటి వీసా మీదున్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది కానీ, స్నేహితుడి మాట నమ్మకుండా లాయర్నే అడగండి. ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదివి ఊరుకోవడమే. అక్కడ తుపాకీ రిపేరు చెయ్యడానికే లైసెన్స్ కావాలి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట కూడా పోయింది.

మొదటి పని, ఖాళీ చెయ్యడం. ఈ రైఫిల్‌కి మ్యాగజైన్ అంటే బ్యారెల్ కింద ఉండే పొడవాటి గొట్టం. లోపలి ఇత్తడి గొట్టం బయటికి లాగేశాం కదా, ఖాళీ అయిపోయిందనుకుంటాం. కాలేదు. గొట్టానికీ బోల్ట్‌కీ (తూటా వెనక ముందుకీ వెనక్కీ కదిలే ఇనప దిమ్మ) మధ్య, తూటాని పైకెత్తే దారిలో ఒకటి మిగిలి ఉండొచ్చు. మా పెద్దాయన "ఖాళీదే" అని ఒట్టేసి చెప్పిన ఈ తుపాకీలోంచే, నేను బోల్ట్ నాలుగోసారి లాగినప్పుడు ఒక తూటా టక్కున గరాజ్ నేల మీద పడింది. ఒళ్లు జల్లుమంది. అందుకే బ్యారెల్‌ని పొరపాటున పేలినా ఎవరికీ ప్రమాదం లేని వైపు తిప్పిపెట్టి, బోల్ట్ ఏడెనిమిది సార్లు లాగి, టార్చ్ వేసి చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేసి రండి.

విప్పడం తేలికే. ట్రిగర్ గార్డ్‌కి, అంటే ట్రిగర్ చుట్టూ ఉండే రక్షణ కమ్మీకి, ముందొకటి, వెనకొకటి స్క్రూలుంటాయి. గాడిలో సరిగ్గా నిండేంత వెడల్పు మొన ఉన్న స్క్రూడ్రైవర్ వాడండి. వదులుగా ఉంటే స్క్రూ తల చెక్కుకుపోతుంది, నలభై ఏళ్ల తుపాకీకి కొత్త గీత మీ పేరు మీద పడుతుంది. ఇనప భాగం మొత్తం చెక్కలోంచి పైకి లేచి వస్తుంది. ట్రిగర్, సుత్తి ఉండే పెట్టెని రెండు లావుపాటి పిన్నులు పట్టుకుని ఉంటాయి. అవి తీసి ఆ పెట్టెని పక్కన పెట్టాలి. కంపెనీ మాన్యువల్‌లోని బొమ్మ ముందుంచుకుని, ప్రతి అడుగులో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. పెట్టె చేతిలో ఉండగా సరదాకి కూడా ట్రిగర్ నొక్కొద్దు. సుత్తి అడ్డు లేకుండా వచ్చి ముందున్న భాగాన్ని కొట్టి విరగ్గొడుతుంది.

తర్వాత బోల్ట్‌ని కొంచెం వెనక్కి జరిపి, దాని పిడిని పక్కకి లాగేస్తే బోల్ట్ ముందు కొస పైకెత్తి తియ్యొచ్చు. ఇక్కడే జాగ్రత్త. బోల్ట్ వెనక సన్నటి ఊచ మీద పొడవాటి స్ప్రింగ్ నొక్కుకుని కూర్చుని ఉంటుంది. పట్టు జారిందా, గరాజ్‌లో ఏ మూలకి పోతుందో దేవుడికే తెలియాలి. నేను రెండు చేతులూ, తుపాకీ వెనక భాగమూ కలిపి ఒక పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీశాను. స్ప్రింగ్ ఎగిరింది, సంచిలోనే పడింది.

లోపల చూస్తే ఇంకేం, అరిసెల పాకం అడుగంటిన గిన్నెలా ఉంది. ఈ రైఫిల్‌లో వేసే పాయింట్ టూ టూ సైజు తూటా సీసానికి మైనం పూత ఉంటుంది. ఆ మైనం, కాలిన మందు మసి, ఎవరో ఎప్పుడో కొట్టిన స్ప్రే నూనె, మూడూ కలిసి గోధుమరంగు జిగురైపోయాయి. ఈ రైఫిల్‌లో బోల్ట్‌కి తాళం లాంటిది ఏమీ లేదు. పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి తొడుగు వెనక్కి తన్నే ఊపుతోనే బోల్ట్ వెనక్కి పోతుంది, స్ప్రింగ్ ముందుకి తోస్తుంది. అంత చిన్న ఊపుకి ఈ జిగురు చాలు. బోల్ట్ సగం దూరం పోయి ఆగుతుంది, ఖాళీ తొడుగు బయటికి పోలేక తలుపు సందులో వేలు ఇరుక్కున్నట్టు నిలబడిపోతుంది.

"ఏమండీ, ఆ కంపు వంటింటిదాకా వస్తోంది," అని మా ఆవిడ అరిచింది. గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తాను. మీరు ముందే ఎత్తండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఆ మసిలో సీసం ఉంటుంది. బోల్ట్‌ని కిరసనాయిల్లో అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దాను. బోల్ట్ మూతి దగ్గర తూటా అంచుని పట్టుకునే రెండు చిన్న కొక్కేలుంటాయి, వాటి చుట్టూ ఒక స్ప్రింగ్ క్లిప్. ఆ కొక్కెం కింద మసి చేరితే తొడుగుని గట్టిగా పట్టుకోలేదు. పళ్లపుల్లతో గీకితే నువ్వుగింజంత నల్లటి పెళ్ల ఊడొచ్చింది. కొక్కెం మొన మాత్రం పదునుగానే ఉంది. గుండ్రంగా అరిగి ఉంటే మార్చాల్సిందే, ఆకురాయితో సానబట్టకండి.

మార్చినవి రెండే. ఒకటి వెనక పిన్ దగ్గరుండే ప్లాస్టిక్ ముక్క, బోల్ట్ వెనక్కొచ్చి దాన్నే కొట్టుకుంటుంది. నలభై ఏళ్ల ప్లాస్టిక్ కదా, పసుపు పచ్చగా మారి, వేలితో నొక్కితే బొరుగుల్లా విరిగిపోయింది. రెండోది బోల్ట్ వెనకుండే ఆ పొడవాటి స్ప్రింగ్. మధ్యలో ఒకచోట మడతపడింది. చాలామంది దాన్ని సాగదీసి మళ్లీ పెడతారు. రెండ్రోజులు పనిచేస్తుంది, తర్వాత మొదటికొస్తుంది. రెండూ కలిపి ఇరవై డాలర్లలోపే వచ్చాయి.

బ్యారెల్ సంగతి. రిసీవర్, అంటే బోల్ట్ కదిలే ఇనప పెట్టె, వెనక మూసి ఉంటుంది కాబట్టి వెనకనుంచి ఊచ దూర్చలేం. మూతి వైపునుంచి ఇనప ఊచ దోస్తే మూతి అంచు అరిగి గురి చెడుతుంది. అందుకని తొడుగులు బయటపడే కిటికీలోంచి మెత్తటి కేబుల్ పంపి, మూతివైపునుంచి లాగాను. ఈ బ్యారెల్ లోపల సన్నటి గాడులు పదహారుంటాయి, నాలుగైదు గుడ్డలు లాగితే చాలు. తూటా కూర్చునే చోట మాత్రం ఇత్తడి బ్రష్ వేలితో తిప్పి ఎక్కువసేపు రుద్దండి. అక్కడ మసి ఉంగరంలా పేరుకుంటుంది.

ట్రిగర్ పెట్టె పక్కపలకలు విప్పొద్దు. దాన్ని కడిగి, ఆరబెట్టి, అలాగే పెట్టేశాను. ఒక్కసారి నొక్కితే రెండు పేలుతున్నాయంటే సుత్తిని ఆపి ఉంచే లోపలి కొక్కెం అరిగి ఉండొచ్చు. దాన్ని గన్‌స్మిత్‌కి, అంటే తుపాకులు బాగుచేసేవాడికి, ఇచ్చెయ్యండి, మీరు కెలకొద్దు. ప్రమాదం సరే, అమెరికాలో అది మెషిన్‌గన్ కింద లెక్కై పెద్ద కేసు కూడా కావొచ్చు.

బిగించేటప్పుడు నూనె చుక్క చుక్కగానే. బోల్ట్ రాసుకునే పక్కల మీద పల్చగా, అంతే. మ్యాగజైన్ గొట్టంలో అసలు వద్దు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నూనె పోస్తే మళ్లీ పాకమే.

పరీక్షకి ముందు ప్లాస్టిక్ డమ్మీ తూటాలతో చేత్తో పదిసార్లు ఎక్కించి దింపాను. అసలు తూటాలు షూటింగ్ రేంజ్‌లోనే. మొదట ఒకటి, తర్వాత రెండు, ఆపైన ఐదు. రెండు వేసి చూడమనేది ఇందాకటి జంట పేలుడు ఉందేమో తెలుసుకోవడానికి. సన్నగా "టుప్" మని శబ్దం వస్తే ఆపేసి, ఖాళీ చేసి, బ్యారెల్‌లో సీసం ఇరుక్కుందేమో చూసుకోవాలి. నాకు యాభై తూటాల పెట్టెలో పాత జబ్బులా ఇరుక్కున్నది ఒక్కటే.

పిడి మీది ఉడత బొమ్మ సంగతి ఫోన్లో విని మా అమ్మ, "రాముడు వీపు నిమిరిన ఉడతనురా నువ్వు కొట్టేది?" అంది. అప్పటినుంచీ కాగితం గురి మీదే కొడుతున్నాను.

ఇంకొకటి, ట్రిగర్ గార్డ్ దగ్గరి ఆ రెండు స్క్రూలు పేలుళ్ల అదురుకి మెల్లగా వదులవుతాయి. బిగించాక స్క్రూ తల మీదనుంచి పక్క ఇనుము మీదికి ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. గీత విడిపోతే స్క్రూ తిరిగినట్టు. నాలుగు వందల తూటాలయ్యాయి, గీత కదల్లేదు. తన పాలిష్ సీసా మీద నల్లటి వేలిముద్రలు చూసి మా ఆవిడ మాత్రం కొత్తది కొనిపించింది.