పిల్లల రిజిస్టరులో రోజులు లెక్కపెట్టడం ఎలా?

ఇంటికి దూరమై దొరికిన పిల్లలను ఉంచే బాలల హోంలో ఎంతమంది ఉన్నారని పైనుంచి ఫోను వస్తే, నెలాఖరు పేజీ తిప్పి ఒక అంకె చెప్పేస్తాం. హైదరాబాద్‌లో బాలల హోంల రికార్డులతో తొమ్మిదేళ్లుగా కుస్తీ పడుతున్న నాకు ఆ అంకె మీద నమ్మకం పోయి చాలాకాలమైంది.

ఎందుకో చూడండి. ఒక హోంకు ప్రతి నెలా మొదటి వారంలో పదిమంది వస్తారనుకుందాం. ఏడుగురు పది రోజుల్లో ఇళ్లకు వెళ్తారు, ముగ్గురు ఉండిపోతారు. ఏడాదంతా ఇదే తంతు. డిసెంబరు 31న వెళ్తే కనిపించేది ఇల్లు చేరని 36 మందే. ఇక్కడికొస్తే ఎవరూ బయటపడరని చూసినవారు బెంగపడతారు. వచ్చిన 120 మందిలో 84 మంది అప్పటికే వెళ్లిపోయారని ఎవరికీ తట్టదు. పోనీ, వెళ్లినవాళ్ల సగటు తీస్తే పది రోజులని వస్తుంది. అధికారులు సంతోషిస్తారు, ఆ 36 మంది లెక్కలోకే రారు. అందుకని పిల్లలను వచ్చిన నెలనుబట్టి జట్లుగా విడదీయండి. జనవరి జట్టులో నెల తర్వాత ఎంతమంది మిగిలారు, నాలుగు నెలలకు ఎంతమంది? ఇది చాలు. ఒక జాగ్రత్త: తప్పిపోయిన పిల్లలను, పనిలో పెట్టిన పిల్లలను పోలీసులు వెతికి తెచ్చే ఆపరేషన్ స్మైల్ జనవరిలో, ఆపరేషన్ ముస్కాన్ జులైలో ఉంటాయి కాబట్టి ఆ నెలల్లో రాక పెరుగుతుంది. జనవరిని కిందటి జనవరితోనే పోల్చండి.

ఇందుకు కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. కావలసినవి తేదీలు. 2015 నాటి బాలల న్యాయ చట్టమే గడువులు పెట్టింది: ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి (పిల్లలను ఎక్కడ ఉంచాలో, ఎవరికి అప్పగించాలో తేల్చేది) ముందు హాజరు, 15 రోజుల్లో సామాజిక దర్యాప్తు, అంటే పిల్లల ఇంటి పరిస్థితిపై విచారణ, హాజరుపరచిన నాటినుంచి నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు. దొరికిన రోజు, హాజరైన రోజు, నివేదిక అందిన రోజు, ఉత్తర్వు రోజు, హోం విడిచిన రోజు. ఒక్కోదానికి ఒక్కో గడి. నెలను అక్షరాల్లోనే రాయండి. 3/7 అంటే జులై మూడో మార్చి ఏడో తేలక నేను మూడు రోజులు పాత ఫైళ్లు తిరగేశాను.

అసలు చిక్కు పేర్లది. ఒకచోట మహమ్మద్, ఇంకోచోట మొహమ్మద్, మూడోచోట ఉత్త ఎండీ. సికింద్రాబాద్ స్టేషన్లో దొరికిన పిల్లవాడిని ఒక హోంనుంచి మరో హోంకు మారిస్తే మొదటి రిజిస్టరులో ‘వెళ్లాడు’, రెండోదాంట్లో ‘వచ్చాడు’. నాకు ఇద్దరు పిల్లలు కనబడ్డారు. రెండింట్లోనూ ‘ఎడమ కనుబొమ్మపై కుట్ల మచ్చ’ అని ఉండబట్టి దొరికిపోయాడు. పేరును నమ్మకండి. సమితి కేసు సంఖ్య, తండ్రి పేరు, పుట్టుమచ్చ కలిపి చూడండి. హోం మారడాన్ని ఇల్లు చేరడంగా ఎప్పుడూ లెక్కించవద్దు.

తర్వాత ‘ఎందుకు ఆగింది’ అనే గడి పెట్టండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ఒకసారి వంద రోజులు దాటిన పిల్లలను వేరుచేసి ఆ గడి ప్రకారం పేర్చాను. పదకొండుమందికి ఒకే కారణం: వేరే రాష్ట్రంలోని ఒకే జిల్లానుంచి ఇంటి పరిస్థితిపై నివేదిక రాలేదు. అంతవరకూ హోం సిబ్బందిదే అలసత్వం అనుకుంటూ వచ్చాం. పదకొండు పేర్లతో ఒకే ఉత్తరం వెళ్లాక నెలలోపే నివేదికలు కదిలాయి.

వేగమే గొప్ప అనుకోకండి. తొందరగా పంపిన పిల్లవాడు ఆరు నెలల్లో మళ్లీ రైల్వే ప్లాట్‌ఫాం మీద తేలితే ఆ వేగం దండగ. తిరిగొచ్చినవారికి పాత వరుసనే పొడిగించండి, కొత్త సంఖ్య ఇవ్వకండి.

నేను ప్రతి సోమవారం తొంభై రోజులు దాటినవారి జాబితా సమితి ముందు పెడతాను. అందులో పేర్లుండవు, కేసు సంఖ్యలే. పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. పేర్లున్న ఫైలు విడిగా, తాళం వేసిన కంప్యూటర్లో ఉంటుంది. సమావేశం అయ్యాక ఇచ్చిన కాగితాలన్నీ వెనక్కి తీసుకుని లెక్కపెట్టుకుంటాను. ఒకటి తగ్గితే అది దొరికేదాకా నేను కుర్చీలోంచి లేవను.